గోల్ఫ్‌లో ఈ గోలేంటి? ఫీనిక్స్ ఓపెన్ మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో జరిగే ఫీనిక్స్ ఓపెన్ గురించే. పదహారో హోల్ (గోల్ఫ్ మైదానంలో ఆడాల్సిన పద్దెనిమిది అంచెల్లో ఒకటి) దగ్గర జనం అరుపులు టీవీలో చూసి "ఇది గోల్ఫేనా, జాతరా?" అని కొందరు అడిగారు. దానధర్మాల పేరుతో వచ్చే కోట్లు నిజంగా ఎవరికి చేరుతున్నాయని మరికొందరి అనుమానం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఈ పోటీ ఎప్పటిది? చెత్త ఎత్తే కంపెనీ పేరు దీనికి ఎలా తగులుకుంది?

1932లో అరిజోనా ఓపెన్ పేరుతో మొదలైంది. మొదటి విజేత రాల్ఫ్ గుల్డాల్. కొన్నేళ్లకే చతికిలబడింది. 1935 తర్వాత నడిపే దిక్కు లేక ఆగిపోయింది. 1939లో దాన్ని మళ్లీ నిలబెట్టింది బాబ్ గోల్డ్‌వాటర్. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిన బారీ గోల్డ్‌వాటర్‌కి ఈయన తమ్ముడు. ఫీనిక్స్‌లో 1937లో పుట్టిన థండర్‌బర్డ్స్ అనే పౌరసంఘంలో సభ్యుడు. తోటి సభ్యులకు గోల్ఫ్ పోటీ మీద పెద్దగా ఆసక్తి లేదు. దాంతో మొదట్లో చాకిరీ అంతా దాదాపు ఈయనే నెత్తిన వేసుకున్నాడు. ఆ ఏడాది బైరన్ నెల్సన్ పన్నెండు స్ట్రోకుల (దెబ్బల) తేడాతో గెలిచాడు.

చాలాకాలం ఫీనిక్స్ కంట్రీ క్లబ్బే వేదిక. మధ్యలో కొన్నేళ్లు అరిజోనా కంట్రీ క్లబ్‌తో వంతులేసుకుంది. 1987లో పక్కనున్న స్కాట్స్‌డేల్ నగరానికి, టీపీసీ స్కాట్స్‌డేల్‌లోని స్టేడియం కోర్స్‌కి మారింది. అక్కడ తొలి విజేత పాల్ అజింగర్.

మా దృష్టిలో ఈ పోటీ చరిత్రని రెండుగా చీల్చింది ఆ మార్పే. కంట్రీ క్లబ్ అంటే సభ్యుల సొత్తు. చెట్ల మధ్య ఇరుకు దారులు, జనం నిలబడ్డానికి చోటే ఉండదు. స్కాట్స్‌డేల్ కోర్స్ నగరపాలక సంస్థది, రుసుము కట్టి ఎవరైనా ఆడుకోవచ్చు. టామ్ వైస్కాఫ్, జే మోరిష్ దాన్ని గీసినప్పుడే ప్రేక్షకుల కోసం హోల్స్ చుట్టూ మట్టిదిబ్బలు లేపారు. వెనక వరుసలో ఉన్నవాడికీ బంతి కనబడాలన్నది లెక్క. అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్‌కి అప్పటి కమిషనర్ డీన్ బీమన్ పట్టుబట్టి తెచ్చిన "స్టేడియం గోల్ఫ్" ఆలోచన ఇదే. ఇవాళ మీరు టీవీలో చూసే గోలకి పునాది ఆ దిబ్బలు.

పేరు సంగతి: 2004 నుంచి 2009 దాకా ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు పేరుతో ఎఫ్‌బీఆర్ ఓపెన్. 2010 నుంచి వేస్ట్ మేనేజ్‌మెంట్ టైటిల్ స్పాన్సర్. ఇప్పుడు పొట్టిగా డబ్ల్యూఎం ఫీనిక్స్ ఓపెన్ అంటున్నారు. చెత్త కంపెనీ అని నవ్వుకోకండి. దానివల్ల జరిగిన ఒక మంచి పని గురించి కింద చెబుతాం.

ప్రశ్న: విజేతకే లక్షల డాలర్లు పోతున్నాయి కదా, ఇంక దానానికి మిగిలేదేంటి? ఆ లెక్క అర్థమయ్యేలా చెప్పండి.

చాలామంది తికమకపడేది ఇక్కడే. ప్రైజ్‌మనీ ఒక సంచీ, దానం డబ్బు ఇంకో సంచీ అనుకోండి.

ప్రైజ్‌మనీలో పెద్ద వాటా పీజీఏ టూర్‌కి వచ్చే టీవీ హక్కుల సొమ్ము, టైటిల్ స్పాన్సర్ కట్టే సొమ్ము. 2024లో మొత్తం ప్రైజ్‌మనీ 88 లక్షల డాలర్లు. విజేతకి ఎప్పటిలాగే 18 శాతం, అంటే 15.84 లక్షలు. అంతకుముందు ఏడాది ఈ పోటీని టూర్ తన ప్రత్యేక పోటీల జాబితాలో చేర్చడంతో సంచీ 2 కోట్ల డాలర్లకు ఉబ్బింది. స్కాటీ షెఫ్లర్ 36 లక్షలు పట్టుకెళ్లాడు. ఆ పెరుగుదలా తరుగుదలా దానం సంచీని నేరుగా ముట్టుకోవు.

దానం సంచీ నిండేది జనం వల్ల. టికెట్లు, తిండీ తాగుడూ, కంపెనీలు అతిథుల కోసం అద్దెకు తీసుకునే ప్రత్యేక గదులు, ప్రో-యామ్‌లో ప్రొఫెషనల్స్ పక్కన ఆడ్డానికి ఔత్సాహికులు కట్టే రుసుము, చిన్న స్పాన్సర్లు... ఇవన్నీ స్థానిక నిర్వాహకులైన థండర్‌బర్డ్స్ ఖాతాలోకి వస్తాయి. వీటిలో రాజు ఆ అతిథి గదులే. మామూలు టికెట్ కొన్నవాడు మైదానం నింపుతాడు, గల్లాపెట్టె నింపేది గది అద్దెకు తీసుకున్న కంపెనీ. ఇవి రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కింద గోల లేకపోతే పైన గది ఎవడూ కొనడు.

ఈ సొమ్ములోంచి తాత్కాలిక స్టాండ్లు, గుడారాలు, కరెంటు, మరుగుదొడ్లు, పోలీసులు, బస్సులు అన్నింటికీ ఖర్చు పోవాలి. స్టాండ్ల ఖర్చే భారీ. పోగా మిగిలింది థండర్‌బర్డ్స్ చారిటీస్ ద్వారా అరిజోనాలోని సేవాసంస్థలకు వెళ్తుంది. ఇటీవలి ఏళ్లలో ఇలా వెళ్లింది ఏటా కోటి డాలర్ల పైమాటే.

నిర్వాహకుడు సేవాసంస్థ కావడం వెనక ఇంకో కిటుకుంది. గోల్ఫ్ పోటీకి వాలంటీర్లు వేలల్లో కావాలి. తాడు పట్టుకోవాలి, బంతి ఎక్కడ పడిందో జెండాతో చూపాలి, స్కోరు నమోదు చేయాలి, బండ్లు నడపాలి. లాభాపేక్ష ఉన్న కంపెనీ జీతం లేకుండా ఈ పని చేయించుకుంటే అమెరికా కార్మిక చట్టం ఒప్పుకోదు. సేవాసంస్థకి ఊరికే పనిచేయడానికి మాత్రం జనం సంతోషంగా వస్తారు. పైగా చాలా పోటీల్లో యూనిఫాం కూడా సొంత డబ్బుతోనే కొనుక్కుంటారు. ఈ చాకిరీకి కూలి కట్టాల్సి వస్తే దానం సంచీ సగం ఖాళీ అయ్యేదేమో.

మీరే స్వయంగా సరిచూసుకోవాలంటే దారుంది. అమెరికాలో పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు ఏటా ఫారం 990 దాఖలు చేయాలి, అడిగినవాళ్లకి చూపాలి. అందులో తొమ్మిదో భాగం ఖర్చుల పట్టిక. మొదటి వరుసలోనే ఇతర సంస్థలకు ఇచ్చిన గ్రాంట్లు ఉంటాయి. ఎవరికి ఎంత అన్నది షెడ్యూల్ ఐ లో ఉంటుంది. ఏ పోటీ అయినా "ఇంత సమకూర్చాం" అని ప్రకటిస్తే, వసూలైనదా, ఖర్చు పోను పంచినదా అని ఈ రెండు చోట్లా చూడండి. మధ్యలో తేడా చాలా ఉంటుంది. ఇంకో మెలిక: పోటీ నడిపే సంస్థా, డబ్బు పంచే సంస్థా వేరువేరుగా నమోదై ఉండొచ్చు. ఒకదాని ఫారమే చూసి "అయ్యో, ఏమీ ఇవ్వలేదే" అనుకోవద్దు.

ప్రశ్న: దానం కోసం ఆడడం ఫీనిక్స్ ఒక్కదాని పద్ధతేనా?

కాదు. టూర్‌లో ఇది 1938 నాటి అలవాటు. ఆ ఏడాది పామ్ బీచ్ ఇన్విటేషనల్ 10,000 డాలర్లు దానం చేసింది, లెక్కల్లో తొలి విరాళం అదే. అన్ని పోటీలూ కలిపి 2005లో 100 కోట్ల డాలర్లు, 2014లో 200 కోట్లు, 2020లో 300 కోట్లు దాటాయి. తొలి వంద కోట్లకు దాదాపు డెబ్బై ఏళ్లు పడితే, మూడో వంద కోట్లకు ఆరేళ్లు సరిపోయాయి. మెంఫిస్ నగరంలో జరిగే పోటీ 1970 నుంచి సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రితో ముడిపడి ఉంది. అక్కడ డబ్బంతా ఒకే గుమ్మానికి పోతుంది కాబట్టి ప్రభావం కళ్లకు కడుతుంది. ఫీనిక్స్‌ది పంచిపెట్టే పద్ధతి, చిన్న చిన్న సంస్థలకు వెళ్తుంది. ఏది మేలంటే, మెంఫిస్‌ది చెప్పుకోవడానికి బాగుంటుంది, ఫీనిక్స్‌ది ఊరికి ఎక్కువ అవసరం.

ప్రశ్న: పదహారో హోల్‌లో అంత గొప్పేముంది?

హోల్‌గా చూస్తే ఏమీ లేదు! 163 గజాలు, పార్ 3 (అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సింది), మధ్యలో నీళ్లు కూడా లేవు. టూర్ ఆటగాడికి నైన్ ఐరన్ లేదా పిచింగ్ వెడ్జ్ లాంటి దగ్గరి దూరపు క్లబ్‌తో కొట్టే దెబ్బ. ఈ హోల్ ఇంకెక్కడైనా ఉంటే మీరు కనీసం గుర్తు పెట్టుకునేవాళ్లు కాదు.

గొప్పంతా చుట్టూ ఉన్న కట్టడానిది. టీ (తొలిదెబ్బ కొట్టే చోటు) నుంచి గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) దాకా మూడంతస్తుల స్టాండ్లు నాలుగు వైపులా మూసేస్తాయి. పట్టే జనం పదిహేడు వేల పైచిలుకు. టూర్ మొత్తంలో ఇలా పూర్తిగా చుట్టుముట్టిన హోల్ ఇదొక్కటే. ఆటగాళ్లు పదిహేనో గ్రీన్ నుంచి సొరంగం లాంటి దారిలో నడిచి లోపలికొస్తారు. చీకట్లోంచి ఒక్కసారిగా ఆ హోరులోకి అడుగుపెట్టడమే సగం పరీక్ష.

ఇదంతా శాశ్వత కట్టడం అనుకునేరు. ఏటా ఇనుప చట్రాలతో కట్టి, పోటీ అయ్యాక విప్పేస్తారు. పని నెలల ముందే మొదలవుతుంది. మిగతా రోజుల్లో అక్కడ ఆడ్డానికి వెళ్లినవాళ్లకి మామూలు పచ్చిక, ఇసుక గుంటలు, అటూ ఇటూ దిబ్బలు కనబడతాయంతే. "ఇదేనా అది?" అని ఫోటో తీసుకుని వెళ్తారు.

ఆటకి ఎదురయ్యే చిక్కులు రెండు. ఒకటి గాలి. పైన వీచే గాలిని స్టాండ్లు అడ్డుకుని లోపల సుడి తిప్పుతాయి. జెండా ఒకవైపు ఊగుతుంటే బంతి ఇంకోవైపు కొట్టుకుపోతుంది. రెండోది ఒంట్లో ఉడుకు. గుండె వేగం పెరిగితే ఊపు పెరుగుతుంది, మామూలుగా 150 గజాలు వెళ్లే దెబ్బ గ్రీన్ దాటేస్తుంది. తెలిసినవాళ్లు తక్కువ దూరం కొట్టే క్లబ్ తీసుకుని, ఊపు నిండుగా తీస్తారు. పెద్ద క్లబ్ తీసుకుని నెమ్మదిగా కొట్టబోతే చేయి మాట వినదు. బంతి గ్రీన్ మీద ఆగిందా, పొగడ్తలు. తప్పిందా, ఎంత పెద్ద ఆటగాడైనా "బూ" తప్పదు.

1997లో టైగర్ వుడ్స్ ఇక్కడ ఒక్క దెబ్బకే బంతిని గుంటలో వేసినప్పుడు బీరు గ్లాసుల వాన కురిసింది. 2022లో సామ్ రైడర్ శనివారం అదే పని చేశాడు. ఆ రోజు 124 గజాల దూరం, వెడ్జ్ దెబ్బ, బంతి కొంచెం దొర్లి లోపలికి జారింది. పైనుంచి వచ్చి పడిన డబ్బాలూ గ్లాసులూ ఏరేదాకా, పచ్చిక ఆరబెట్టేదాకా దాదాపు పావుగంట ఆట ఆగింది. మర్నాడు కార్లోస్ ఓర్టిజ్ కొట్టాడు, మళ్లీ అదే వాన. చూడ్డానికి సరదాగా ఉన్నా మైదానం పనివాళ్లకు అది తలనొప్పే. బీరుతో తడిసిన గ్రీన్ మీద బంతి దొర్లే వేగం మారిపోతుంది, వెనక వచ్చే జట్టుకి అది న్యాయం కాదు. నిండు డబ్బా తలమీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఒకప్పుడు ఇక్కడ క్యాడీలు (ఆటగాళ్ల క్లబ్‌ల సంచీ మోసేవాళ్లు) టీ నుంచి గ్రీన్ దాకా పరుగు పందెం పెట్టుకునేవాళ్లు. ఎవరి పాదం ముందు గ్రీన్ తాకుతుందని జనం పందాలు కాసేవాళ్లు. 2013లో టూర్ దాన్ని ఆపేసింది. ఇరవై కిలోల దాకా ఉండే సంచీ భుజాన వేసుకుని పరిగెత్తేవాడు జారిపడితే చీలమండకి పూచీ ఎవరు?

ప్రశ్న: టైగర్ వుడ్స్ కోసం జనం బండరాయి దొర్లించారట, నిజమేనా? అది నిబంధనలకు విరుద్ధం కాదా?

నిజమే. 1999, చివరి రోజు, పదమూడో హోల్. బంతి ఎడారి వైపు వెళ్లి, సుమారు వెయ్యి పౌండ్ల రాయి వెనక ఆగింది. నేలలో పాతుకుపోని, అక్కడ మొలవని ఏ సహజ వస్తువైనా "విడి అడ్డంకి" కిందికే వస్తుంది. ఎండుటాకుకీ బండరాయికీ తేడా లేదు, బరువు పరిమితి రాసిలేదు. పక్కవాళ్ల సాయం తీసుకోవచ్చు. రెఫరీ సరేనన్నాడు, ప్రేక్షకులు భుజాలు ఆనించి దొర్లించారు. వుడ్స్ ఆ హోల్‌లో బర్డీ (పార్ కన్నా ఒక దెబ్బ తక్కువ) కొట్టాడు. అయినా పోటీ గెలిచింది రాకో మీడియేట్.

ప్రశ్న: 2024లో గేట్లు మూసేశారు, బీరు అమ్మకాలు ఆపేశారు అని చదివాం. అసలు ఏం తప్పింది?

జనం ఎక్కువ రావడం ఒక్కటే కారణం కాదు. భారీ జనం అంతకుముందూ వచ్చారు. 2018లో వారం మొత్తానికి 7,19,179 మంది, ఒక్క శనివారమే 2,16,818 మంది అని లెక్క. ఆ తర్వాత నిర్వాహకులు హాజరు లెక్కలు బయటపెట్టడం మానేశారు.

2024లో తేడా వానది. వారం మధ్యలో కురిసిన వానకి దిబ్బల వాలు బురదైంది. మామూలుగా వేలమంది కూర్చునేది ఆ గడ్డి వాలు మీదే. జారుడుబండ మీద ఎవరు కూర్చుంటారు? అందరూ దిగి సిమెంటు దారుల మీదికి చేరారు. అంటే టికెట్లు అమ్మింది మొత్తం మైదానానికి, జనం నిలబడింది దారుల మీద.

దీన్ని అంకెల్లో చూడండి. బ్రిటన్‌లో స్టేడియాల భద్రత మార్గదర్శి ప్రకారం చదునైన దారిలో ఒక మీటరు వెడల్పుకి నిమిషానికి 82 మంది సాఫీగా కదలగలరు. మెట్ల మీద 66. మూడు మీటర్ల దారి అంటే నిమిషానికి 246 మంది. ఒక హోల్ నుంచి పదివేల మంది లేచి ఇంకో హోల్‌కి కదిలితే, ఎదురు వచ్చేవాళ్లు ఎవరూ లేకపోయినా, నలభై నిమిషాలు. ఎదురు వచ్చేవాళ్లూ, మరుగుదొడ్ల క్యూ దారిలోకి సాగడమూ, చేతిలో రెండేసి గ్లాసులూ కలిస్తే ఆ లెక్క ఎక్కడికో పోతుంది. చదరపు మీటరుకి నలుగురు దాటాక మనిషి తన ఇష్టప్రకారం నడవలేడు, గుంపు ఎటు తోస్తే అటే. అప్పుడు లోపలికి రాకుండా గేటు మూయడం, తాగుడు ఆపడం తప్ప నిర్వాహకుడి చేతిలో ఏమీ మిగలదు. శనివారం మధ్యాహ్నం చేసింది అదే. టికెట్ చేతిలో ఉండీ బయట నిలబడిపోయినవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ ఆ నిమిషంలో మూయడమే సరి. తప్పు అంతకుముందే, వానని లెక్కలోకి తీసుకోకుండా టికెట్లు అమ్మినప్పుడే జరిగింది.

ఆ వారమే జాక్ జాన్సన్, బిల్లీ హార్షెల్ లాంటి ఆటగాళ్లు ప్రేక్షకుల మీద విసుక్కోవడం టీవీల్లో కనబడింది. ఒక మహిళ పదహారో హోల్ స్టాండ్ మీదినుంచి కింద పడింది.

2025లో దారులు వెడల్పు చేశారు, టికెట్లు పూర్తిగా డిజిటల్ చేశారు. డిజిటల్ టికెట్ వల్ల లాభం దొంగ టికెట్లు తగ్గడమే కాదు. ఏ గేటు నుంచి ఎంతమంది లోపలున్నారో గంట గంటకీ తెలుస్తుంది, అంటే మూయాల్సిన అవసరం రాకముందే తగ్గించే వీలుంటుంది.

ప్రశ్న: అంతమంది వచ్చే చోట చెత్తబుట్టలే ఉండవంటారు. ఎలా సాధ్యం?

చెత్తబుట్ట ఉండదు, రెండు రకాల డబ్బాలుంటాయి. ఒకటి రీసైక్లింగ్‌కి, ఒకటి కంపోస్టుకి. 2012లో ఈ ప్రయోగం మొదలైంది, 2013 నుంచి డంపింగ్ యార్డుకి ఏమీ పంపడం లేదని వాళ్ల లెక్క.

అసలు పని డబ్బా దగ్గర కాదు, కాంట్రాక్టు కాగితం దగ్గర. లోపల అమ్మే ప్రతి వ్యాపారీ ఏ గ్లాసు, ఏ ప్లేటు, ఏ పొట్లం వాడాలో ముందే ఒప్పుకోవాలి. రీసైకిల్ కానిదీ, కుళ్లనిదీ గేటు లోపలికే రాకపోతే మూడో డబ్బా అవసరమే పడదు.

ఇక చెడేది ఎక్కడంటే, కలగాపులగం అయిన చోట. కంపోస్టు డబ్బాలో పడ్డ పది ప్లాస్టిక్ ఫోర్కులు మొత్తం కుప్పని పాడుచేస్తాయి. సగం తాగిన బీరు గ్లాసు రీసైక్లింగ్‌లో పడితే కాగితమంతా తడిసి పనికిరాకుండా పోతుంది. అందుకే డబ్బాల దగ్గర మనుషుల్ని నిలబెట్టి "ఇది ఇందులో" అని చెప్పిస్తారు, వెనక మళ్లీ చేత్తో ఏరిస్తారు. మొక్కజొన్న పిండితో చేసిన గ్లాసులు పెరటి కంపోస్టులో కరగవని కూడా గుర్తుంచుకోండి. 55 నుంచి 60 డిగ్రీల వేడి నిలిచే పెద్ద కంపోస్టు యార్డు కావాలి. వంటశాలల్లో వాడిన నీళ్లని తాత్కాలిక మరుగుదొడ్లకు మళ్లించడం మాత్రం మాకు ముచ్చటేసింది. ఎడారి ఊళ్లో అది చిన్న విషయం కాదు.

ఒక్క మాట. "డంపింగ్ యార్డుకి పోలేదు" అంటే "చెత్త పుట్టలేదు" అని కాదు. కొంత భాగం కాల్చి కరెంటు తీయడానికీ పోతుంది.

ప్రశ్న: ఫీనిక్స్ ఎడారి కదా, చలికాలంలో అంత పచ్చగా ఎలా ఉంటుంది? "మంచు వల్ల ఆలస్యం" అని టీవీలో వేస్తారేంటి?

అక్కడి అసలు గడ్డి బెర్ముడా. వేసవిని తట్టుకుంటుంది కానీ చలికాలంలో నిద్రపోయి గోధుమ రంగుకు తిరుగుతుంది. అందుకని శరదృతువు మొదట్లో కోర్స్ కొన్ని వారాలు మూసి, బెర్ముడాని నేల దాకా కత్తిరించి, దానిమీద రై గడ్డి విత్తనం చల్లుతారు. ఫెయిర్‌వేలకు (టీకీ గ్రీన్‌కీ మధ్య ఉండే పచ్చిక) ఎకరాకు 180 నుంచి 270 కిలోల దాకా వాడడం మామూలు. మొలకెత్తేదాకా రోజుకి అయిదారుసార్లు కొద్దికొద్దిగా తడపాలి. పోటీలో మీకు కనబడే పచ్చదనం ఈ రై గడ్డిదే. తొందరపడి ఎండలు తగ్గకముందే చల్లితే బెర్ముడా పోటీకొచ్చి మొలకల్ని తొక్కేస్తుంది, ఆలస్యం చేస్తే చలికి మొలకే రాదు.

జనవరి, ఫిబ్రవరి తెల్లవారుజామున గడ్డిమీద మంచు పేరుకుంటుంది. అప్పుడు ఆకులోపలి నీరు గడ్డకట్టి ఉంటుంది. కాలు పడితే కణాలు చిట్లుతాయి. వెంటనే ఏమీ కనబడదు, ఒకటి రెండు రోజులకు ఆ అడుగుజాడలు గోధుమరంగు మచ్చలై తేలతాయి. ఎండపొడకి మంచు దానంతటదే కరిగేదాకా ఆగడం తప్ప దారి లేదు. ఉదయం గంటసేపు ఆగితే సాయంత్రం చీకటి పడేలోపు ఆఖరి జట్లు పూర్తిచేయలేవు, మిగిలిన హోల్స్ మర్నాడు పొద్దున్నే ఆడాలి.

ప్రశ్న: "పోటీ వల్ల నగరానికి ఇన్ని కోట్ల లాభం" అనే మాట ఎంతవరకు నమ్మాలి?

సగం నమ్మండి, మిగతా సగం గురించి అడగండి. బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్లు హోటళ్లకీ తిండికీ పెట్టేది నేరు ఖర్చు. ఆ హోటల్ సరుకులు కొంటే, దాని సిబ్బంది జీతం ఖర్చుపెడితే, అదే డాలర్‌ని రెండోసారీ మూడోసారీ లెక్కేస్తారు. ఆ గుణకం కొద్దిగా పెంచితే చాలు, మొత్తం ఎక్కడికో పోతుంది.

అడగాల్సినవి మూడు. స్థానికుల ఖర్చు కలిపారా? ఆ ఊరివాడు టికెట్ కొనకపోతే ఆ డబ్బుతో అక్కడే భోజనానికి వెళ్లేవాడు, అది కొత్త డబ్బు కాదు. పోటీ లేకపోయినా వచ్చేవాళ్లని తీసేశారా? ఫిబ్రవరి అంటే ఫీనిక్స్‌కి ఎలాగూ రద్దీ కాలం, నిండిన హోటల్‌లో ఒక అతిథి పోయి ఇంకొకడు వచ్చినట్టే. వచ్చిన డబ్బు ఊళ్లో నిలిచిందా? గొలుసు హోటల్ లాభం ఇంకో రాష్ట్రానికి పోతుంది. ఈ మూడింటికీ జవాబు లేని నివేదికని పక్కన పెట్టేయొచ్చు. సేవాసంస్థకి రాసిచ్చిన చెక్కు మాత్రం చెక్కే, దానికి గుణకం అక్కర్లేదు.

ప్రశ్న: డబ్బు సంగతి సరే, సమాజానికి ఇంకేమైనా చేస్తుందా?

2019 జనవరి 29 చూడండి. పోటీ ఇంకా మొదలవలేదు, మంగళవారం, సాధన రోజు. ఎమీ బాకర్‌స్టెట్ అనే అమ్మాయిని పదహారో హోల్ దగ్గర ఆడమని పిలిచారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఆమె అప్పట్లో కాలేజీ గోల్ఫ్ స్కాలర్‌షిప్‌తో చదువుకుంటుండేది. పక్కన అంతకుముందు ఏడాది విజేత గ్యారీ వుడ్‌ల్యాండ్. తొలిదెబ్బ బంకర్‌లో (ఇసుక గుంటలో) పడింది. వుడ్‌ల్యాండ్ తను బయటికి తీసిపెడతానన్నాడు. ఆమె వద్దని తనే తీసింది, బంతి గుంటకి కొన్ని అడుగుల దూరంలో ఆగింది. "నేను చూసుకుంటాగా" అంటూ పుట్ వేసి పార్ చేసింది. ఆ వీడియోని కోట్లమంది చూశారు. తర్వాత ఆమె కుటుంబం అదే మాటని పేరుగా పెట్టి, మేధోవైకల్యం ఉన్నవాళ్లకు గోల్ఫ్ నేర్పే సంస్థ నెలకొల్పింది. ఎంతటి ఆటగాణ్నయినా ఎగతాళి చేసే స్టాండ్లు ఆ వారంలోనే ఇలాంటి పనికీ పనికొస్తాయి.

ప్రశ్న: మా సంఘం తరఫున చిన్న గోల్ఫ్ పోటీ పెట్టి విరాళం సేకరించాలని ఉంది. ఎక్కడ దెబ్బతింటాం?

ప్రవేశ రుసుము మీద ఆధారపడితే దెబ్బతింటారు. ఉదాహరణకి మనిషికి 150 డాలర్ల చొప్పున వందమంది అనుకోండి. కోర్స్ రుసుము, బండి కలిపి 80, భోజనం 30, బహుమతులు 20 పోతే మిగిలేది మనిషికి 20, మొత్తం 2,000. అదే ఒక్కో హోల్‌కి 200 డాలర్ల స్పాన్సర్‌ని పట్టుకుంటే పద్దెనిమిదింటికి 3,600, ఖర్చల్లా బోర్డు రాయించడమే. పెద్ద పోటీకైనా చిన్న పోటీకైనా లెక్క ఇదే, ఆడేవాడి రుసుము ఖర్చులకే సరిపోతుంది.

అందరూ ఒకేసారి వేర్వేరు హోల్స్ నుంచి మొదలుపెట్టే పద్ధతి పెట్టండి, భోజనం వేళకి అందరూ కలుస్తారు. నలుగురి జట్లు పద్దెనిమిదైతే 72 మంది. అంతకు మించితే కొన్ని హోల్స్ దగ్గర రెండేసి జట్లు నిలపాలి, పార్ 3 హోల్స్ దగ్గర మాత్రం ఒక్కటే. పొట్టి హోల్‌లో ముందు జట్టు గ్రీన్ దిగేదాకా వెనకవాళ్లు కొట్టలేరు, అక్కడ ఇరుక్కుంటే మైదానమంతా ఆగుతుంది. జట్టులో అందరూ కొట్టి, బాగా పడిన బంతి దగ్గర్నుంచే మళ్లీ అందరూ ఆడే పద్ధతి అయితే కొత్తవాళ్లకీ సిగ్గుండదు.

ఒక్క దెబ్బకి బంతి గుంటలో వేసినవాడికి కారు అని బోర్డు పెట్టాలనుకుంటే బీమా తీసుకోండి. మామూలు ఆటగాడికి ఆ అవకాశం సుమారు 12,500లో ఒకటి. వందమంది ఆడితే నూటికి ఒక వంతు కూడా లేదు కాబట్టి ప్రీమియం తక్కువే. కానీ షరతులు గట్టివి. ఎంతమంది ఆడతారో, ఎన్ని గజాలో ముందే రాసివ్వాలి, సాక్షిని నిలపాలి, ఆ హోల్‌లో రెండో అవకాశం ఇవ్వకూడదు. వందమందని రాసి 104 మందిని ఆడిస్తే బీమా చెల్లకపోవచ్చు. ఇంకో మామూలు పొరపాటు: 155 గజాలని రాసిస్తారు. ఆ ఉదయం గడ్డి అరిగిందని పనివాడు టీ గుర్తులు పది గజాలు ముందుకి జరుపుతాడు. అందుకే ఆట మొదలవకముందు ఆ హోల్ దగ్గరికి మీరే వెళ్లి, దూరం కొలిచి, టీ గుర్తుల పక్కన నిలబడి ఫోటో తీసి ఉంచుకోండి.